కదలని దుప్పి

అడవిని ఆనుకున్న కాలనీల్లో, పొలం గట్ల మీద, విశ్వవిద్యాలయాల వెనుక పొదల్లో ఒక చుక్కల దుప్పి నిలబడో పడుకునో కనిపిస్తుంది. మనిషి దగ్గరికొస్తున్నా లేచి పోదు. చూసినవాళ్లకు ముందు కలిగేది జాలి: పాపం, దీనికేదో అయింది! ఒకరు సీసాతో నీళ్లు తెస్తారు, ఒకరు పట్టుకోబోతారు, నలుగురూ చుట్టూ మూగుతారు. ఆ జాలి నిజమైనదే. కానీ జాలితో చాచిన చెయ్యే చాలాసార్లు ఆ దుప్పికి ప్రాణాంతకమవుతుంది.

దుప్పి పరుగును నమ్ముకుని బతికే జంతువు. సన్నని కాళ్లు, వెనక తొడల్లో దట్టమైన కండ, ఎటు తిప్పితే అటు తిరిగే చెవులు, ఇవన్నీ పారిపోవడానికి అమరినవే. అలాంటి జంతువు కదలకుండా ఉందంటే కారణం బలమైనదై ఉండాలి. కారణం ఒక్కటే కాదు కూడా. దాక్కున్న దుప్పి, చెవి ఒగ్గి వింటున్న దుప్పి, తీరిగ్గా నెమరు వేస్తున్న దుప్పి, జబ్బుపడ్డ దుప్పి, ఉచ్చులో చిక్కిన దుప్పి, పరిగెత్తి పరిగెత్తి లోపల చితికిపోయిన దుప్పి, అన్నీ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. వీటిని వేరుచేసి చూడటం నేర్చుకుంటే, ఎప్పుడు మన దారిన మనం పోవాలో, ఎప్పుడు ఫోన్ చేయాలో తెలుస్తుంది.

పిల్ల ఒంటరిగా ఉంటే

చుక్కల దుప్పి సాధారణంగా ఒక ఈతకు ఒకే పిల్లను కంటుంది. పుట్టిన కాసేపటికే పిల్ల లేచి నిలబడుతుంది. అయితే చిరుతనో రేచుకుక్కలనో తప్పించుకునే వేగం ఆ కాళ్లకు ఇంకా రాదు. అందుకే మొదటి రోజుల్లో దానికున్న ఒకే ఒక్క రక్షణ దాక్కోవడం. తల్లి పాలిచ్చి, ఒళ్లంతా నాకి, దాన్ని పొదలోనో ఏపుగా పెరిగిన గడ్డిలోనో వదిలి మేతకు పోతుంది. తల్లి ఆకారం పెద్దది, ఒంటి వాసన ఎక్కువ. అది పిల్ల పక్కనే నిలబడితే శత్రువుకు చోటు చూపించినట్టే. పిల్ల మలమూత్రాల వాసన కూడా బయటికి పొక్కకుండా తల్లి వాటిని నాకి మింగేస్తుంది. పాలివ్వడానికి మాత్రం మధ్య మధ్య వచ్చి పోతుంది.

అలా దాక్కున్న పిల్లను కాస్త దూరం నుంచి గమనిస్తే, గడ్డం నేలకు ఆన్చి, మెడ ముందుకు చాపి, చెవులను వెనక్కి మెడకు అంటించి ఉంటుంది. కాళ్లు నాలుగూ పొట్ట కిందకు ముడిచేసి ఉంటాయి. కళ్లు మాత్రం పూర్తిగా తెరిచే ఉంటాయి. ఈగ వచ్చి కనురెప్ప మీద వాలినా చెవి విదల్చదు. ఒంటి మీది తెల్ల చుక్కలు, ఆకుల సందుల్లోంచి నేల మీద రాలే ఎండ పొడల్లో కలిసిపోతాయి. ఇంత కదలిక లేకపోవడం చూసి అది సొమ్మసిల్లిందని అనుకోవడం సహజం.

లోపల జరుగుతున్నది వేరు. ఉత్తర అమెరికాలో తెల్లతోక దుప్పి పిల్లల మీద, నార్వేలో ఎర్ర దుప్పి పిల్లల మీద 1970లలో జరిగిన పరిశోధనల్లో ఒక వింత బయటపడింది. భయం వేస్తే గుండె వేగంగా కొట్టుకోవాలి. ఈ పిల్లల్లో మాత్రం ప్రమాదం దగ్గరవుతున్న కొద్దీ గుండె వేగం బాగా పడిపోయింది, ఊపిరి కూడా తగ్గింది. ఊపిరి సద్దు తగ్గితే, డొక్కల కదలిక తగ్గితే, వేటజంతువు చెవికీ కంటికీ దొరికేది ఇంకాస్త తగ్గుతుంది. అంటే ఆ నిశ్చలత నీరసం వల్ల వచ్చినది కాదు, మెదడు పూనుకుని నడిపిస్తున్న పని. పిల్లకు కాళ్లు గట్టిపడే కొద్దీ ఈ స్వభావం సన్నగిల్లుతుంది, దాక్కోవడం మానేసి పరుగు అందుకుంటుంది.

ఇలాంటి పిల్లను 'తల్లి వదిలేసింది' అనుకుని ఇంటికి తేవడం అన్ని దేశాల్లోనూ జరిగే పొరపాటే. ఇంటికొచ్చాక దానికి ఆవుపాలు పట్టిస్తారు. దుప్పి పాలలో కొవ్వూ మాంసకృత్తులూ ఆవుపాలలో కంటే చాలా ఎక్కువ. తేడా పాలతో పిల్లకు పారుడు పట్టుకుని ఒంట్లో నీరంతా పోతుంది. సీసా పైకెత్తి పోస్తే పాలు పొలమారి ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా వస్తుంది. వీటన్నిటినీ తట్టుకుని పెరిగినా ఇంకో ముప్పుంది. మనుషుల మధ్య పెరిగిన మగపిల్ల కొమ్ములొచ్చే ఈడుకు మనుషుల్ని తన జాతివాళ్లుగా, పోటీదార్లుగా చూసి పొడుస్తుంది. అప్పుడు దాన్ని అడవిలో వదలలేం, ఇంట్లో ఉంచలేం. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి దుప్పిని తెచ్చి పెంచుకోవడం నేరం.

పిల్ల పక్కన తల్లి చచ్చి పడి ఉంటే, పిల్ల గాయపడి ఉంటే, చీమలు పట్టి ఉంటే, గంటల తరబడి అరుస్తూ తిరుగుతుంటే అప్పుడు అటవీ శాఖకు చెప్పాలి. అలాంటివేమీ లేకుండా పిల్ల పొదలో మౌనంగా ముడుచుకుని ఉంటే వెనక్కి తిరిగి పోవడమే దానికి చేయగల మేలు. మనం అక్కడే కాపు కాస్తే తల్లి రాదు.

నిలబడి వింటున్న దుప్పి

పెద్ద దుప్పి కూడా ఒక్కోసారి బొమ్మలా నిలబడిపోతుంది. జార్జ్ షాలర్ 1960లలో మధ్యప్రదేశ్‌లోని కాన్హాలో దుప్పులనూ పులులనూ వెంబడించి గమనించి, 1967లో 'ది డీర్ అండ్ ది టైగర్' అనే గ్రంథం వెలువరించారు. మన దుప్పుల నడవడి గురించి శాస్త్రీయమైన పరిశీలనకు అది గట్టి పునాది వేసింది. అనుమానం కలిగిన దుప్పి మెడ నిటారుగా ఎత్తి, చెవులు ముందుకు పెట్టి, ఒక ముందుకాలు గాలిలో ఆపి, అటే చూస్తూ ఉండిపోతుంది. ఆ తర్వాత గిట్టతో నేలను తన్నుతుంది, పదునుగా ఒక కూత పెడుతుంది. మందంతా తల ఎత్తుతుంది.

అలా ఆగడానికి కారణం కంట్లో ఉంది. దుప్పి కళ్లు తలకు ఇరుపక్కలా ఉంటాయి. కంటిపాప అడ్డంగా సాగి ఉంటుంది. అందువల్ల తల తిప్పకుండానే దాదాపు చుట్టూ ఉన్న ప్రాంతమంతా దాని చూపులో పడుతుంది. కదిలేదేదైనా ఇట్టే పసిగడుతుంది. రంగుల విషయంలో మాత్రం దాని కన్ను మనకంటే ఒక మెట్టు దిగువ. మనకు రంగును గుర్తించే కణాలు మూడు రకాలుంటే దుప్పికి రెండే. మనకు కాషాయ రంగులో కొట్టొచ్చినట్టు కనిపించే పులి, దుప్పి కంటికి పచ్చగడ్డి రంగులోనే కలిసిపోతుంది. కదలని పులిని కంటితో పట్టలేదు కాబట్టి చెవితో, ముక్కుతో పట్టాలి. తాను కదులుతుంటే ఆ అలికిడి తన చెవినే కప్పేస్తుంది. అందుకే ఆగుతుంది. అప్పుడు దాని కండరాలు సడలి ఉండవు. మెదడు ఒకవైపు పరుగుకు సిద్ధం చేస్తూ, మరోవైపు బిగబట్టి ఆపుతుంది. ఆ ఆపు తీసిన మరుక్షణం దుప్పి గెంతుతుంది.

రాత్రివేళ రోడ్డు మీద నిలబడిపోయే దుప్పిది ఇదే కథ, కాస్త విషాదంగా. చీకట్లో కొద్దిపాటి వెలుతురును కూడా వాడుకోవడానికి దాని కంటి వెనుక అద్దంలాంటి పొర ఉంటుంది. రాత్రి దాని కళ్లు మెరిసేది అందుకే. చీకటికి అలవాటుపడ్డ ఆ కంట్లో ఒక్కసారిగా హెడ్‌లైట్ పడితే ఏమీ కనిపించదు. ఎటు పోవాలో తెలియక ఆగిపోతుంది. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే దారిలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగే భాగంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేది ఇలాంటి జంతువుల కోసమే. మిగతా అడవి రోడ్ల మీద దుప్పి ఎదురైతే బండి ఆపి, లైటు డిమ్ చేసి, కాసేపు ఆగాలి. ఒకటి దాటాక వెంటనే బయల్దేరకూడదు, దాని వెనక ఇంకొన్ని వస్తుంటాయి.

నెమరు చెప్పే సంగతి

పశువుల్ని పెంచినవాళ్లకు ఒక అలవాటుంటుంది. గొడ్డు నలతగా ఉందనిపిస్తే ముందు రెండు సంగతులు చూస్తారు: నెమరు వేస్తోందా, మూతి చెమ్మగా ఉందా? దుప్పి కూడా నెమరు వేసే జంతువే కాబట్టి ఈ చూపు దానికీ పనికొస్తుంది. కాళ్లు ముడుచుకుని, రొమ్ము మీద కూర్చుని, తల ఎత్తి, దవడ పక్కకు ఆడిస్తున్న దుప్పి హాయిగా ఉన్నట్టే. మధ్యాహ్నపు ఎండలో నీడపట్టున గంటల తరబడి అలా ఉండటం దాని దినచర్య.

నలతగా ఉన్న దుప్పి తీరు వేరు. మంద కదిలిపోయినా అది వెనకబడుతుంది. చెవులు పక్కలకు వాలిపోతాయి. ఒంటి వెంట్రుకలు మెరుపు తగ్గి రేగి ఉంటాయి. పక్కటెముకలు, తుంటి ఎముకలు తేలతాయి. తోక చుట్టూ పేడ అంటుకుని ఉంటుంది. ఈగలు ముసిరినా తోలుకోదు. పక్కకు ఒరిగి, మెడ వాల్చి పడుకుందంటే పరిస్థితి ప్రమాదకరమే.

ఆ భంగిమ ఎందుకంత చేటో తెలియాలంటే దుప్పి పొట్టను తలచుకోవాలి. దాని మొదటి జీర్ణాశయం దోసెపిండి పులుస్తున్న గిన్నెలాంటిది. కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడుతూ ఎడతెగకుండా వాయువు పుట్టిస్తుంటాయి. ఆ వాయువు తేన్పుల రూపంలో పోతూ ఉండాలి. దుప్పి పక్కకు పడిపోతే ఆ దారి మూసుకుపోతుంది. ఎడమ డొక్క ఉబ్బి ఊపిరితిత్తులను నొక్కుతుంది. పొట్టలోది గొంతులోకి వచ్చి ఊపిరి గొట్టంలో దిగే ప్రమాదమూ ఉంది.

ఆ పొట్టను మనమే పాడుచేస్తున్న సందర్భాలూ ఉన్నాయి. చెన్నైలో ఐఐటీ మద్రాస్ ఆవరణలో చనిపోయిన దుప్పుల పొట్టల్లో ప్లాస్టిక్ ముద్దలు దొరికిన సంగతి పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. ఉప్పూ కూర రసమూ అంటిన కవరును దుప్పి తిండి అనుకుని నములుతుంది. అది అరగదు, కిందకు పోదు. పొట్ట నిండినట్టే ఉంటూ దుప్పి శుష్కిస్తుంది. ప్రేమగా పెట్టే అన్నం, రొట్టె కూడా మంచివి కావు. పిండిపదార్థం ఒక్కసారిగా పడితే పొట్టలో ఆమ్లం పెరిగి, గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

ఒకేచోట నిలబడి, అటూ ఇటూ రెండడుగులు వేసి మళ్లీ అక్కడికే వస్తున్న దుప్పిని చూస్తే ఉచ్చేమోనని అనుమానించాలి. బైకు క్లచ్ వైరుతో బిగించిన ఉచ్చు ఆకుల్లో కనిపించదు. అలాంటప్పుడు వైరు కోసి వదలాలనిపిస్తుంది. అది తప్పు. మెడకో కాలికో బిగిసిన చుట్టు అలాగే ఉండిపోయి, దుప్పి పారిపోయాక రోజురోజుకూ కండలోకి కోసుకుపోతుంది. మత్తు ఇచ్చి తీయాల్సిన పని అది.

తప్పించుకున్నాక చనిపోయే దుప్పి

చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. అది అడవి లోపలే ఉండిపోలేదు, హైదరాబాదు పడమటి అంచున ఉన్న కేంద్రీయ విశ్వవిద్యాలయపు పొదల్లోనూ మందలుగా ఉంది. 2025 వసంతంలో ఆ విశ్వవిద్యాలయాన్ని ఆనుకున్న కంచ గచ్చిబౌలిలో యంత్రాలు చెట్లు కూల్చినప్పుడు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపమని ఆదేశించింది. ఆ రోజుల్లో చెదిరిపోయిన దుప్పులు ఇళ్ల మధ్యకు రావడం, కుక్కల బారిన పడటం వార్తలయ్యాయి. ఇలాంటి చోట్ల తరచూ జరిగేది ఇది: కుక్కల గుంపు దుప్పిని తరుముతుంది. మనుషులు అరిచి కుక్కల్ని తోలేస్తారు. దుప్పి ఒక గోడ పక్కన నిలబడిపోతుంది. నోరు తెరిచి ఉంటుంది, నాలుక బయటికి వేలాడుతుంది, డొక్కలు ఎగసిపడుతుంటాయి. ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయం ఉండదు. బతికిపోయిందని అందరూ సంతోషిస్తారు. మర్నాడో మూడో నాడో అది చచ్చి పడి ఉంటుంది.

దీన్ని పశువైద్యులు క్యాప్చర్ మయోపతీ అంటారు. ఆఫ్రికాలో అడవి జంతువులను పట్టి వేరే చోటికి తరలించే పనులు 1960లలో ఊపందుకున్నప్పుడు ఇది శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. జంతువును దెబ్బ తగలకుండా పట్టేవారు, బోనులోకి ఎక్కించేవారు, దింపాక అది చనిపోయేది.

ప్రాణభయంతో, శక్తికి మించి పరిగెత్తినప్పుడు కండరాలకు రక్తం తెచ్చే ఆక్సిజన్ చాలదు. ఆక్సిజన్ లేకుండానే శక్తిని పుట్టించుకోవాల్సి వచ్చి రక్తంలో ఆమ్లత పెరుగుతుంది. ఒళ్లు వేడెక్కుతుంది. మామూలుగా 38, 39 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాల్సిన ఉష్ణోగ్రత 41 దాటితే ప్రమాదం. భయం తగ్గనంత కాలం ఒత్తిడి హార్మోన్లు ఆగవు. చివరకు కండర కణాల పొరలు చితుకుతాయి. వాటిలో ఉండాల్సిన పొటాషియం రక్తంలోకి వచ్చి గుండె లయను చెదరగొడుతుంది. కండకు ఎర్రదనాన్ని ఇచ్చే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కూడా రక్తంలోకి దిగి, మూత్రపిండాల సన్నని గొట్టాలను దెబ్బతీస్తుంది. అప్పుడు దుప్పి మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో పడుతుంది. వెనక కాళ్లు బిగుసుకుంటాయి. నడక తూలుతుంది, మెడ మెలి తిరుగుతుంది. కొన్ని నిమిషాల్లోనే గుండె ఆగి చనిపోయేవి ఉన్నాయి, రోజులు గడిచాక మూత్రపిండాలు చెడి చనిపోయేవీ ఉన్నాయి. కండ ఒకసారి ఇలా దెబ్బతిన్నాక వైద్యం ఫలించేది తక్కువ.

ఈ నష్టం పరుగుతో ఆగిపోదు. చుట్టూ చేరిన మనుషులు దుప్పి లెక్కలో వేటజంతువులే. దాన్ని ఒళ్లోకి తీసుకుని తల నిమిరితే అది ఊరట చెందదు. పులి పంజా కింద ఉన్నప్పటి స్థితే దానిది. కదలకపోవడాన్ని మనం నమ్మకం అనుకుంటాం. నిజానికి అప్పుడే దాని ఒంట్లో ఒత్తిడి తారస్థాయిలో ఉంటుంది. వ్యవసాయ బావిలో పడ్డ దుప్పిని తాళ్లు కట్టి లాగి, భుజాల మీద మోసుకొచ్చి, ఊరంతా చూసేలా కట్టేసి ఉంచితే, అది ఈత కొట్టి కొట్టి అలిసిన ఒంటి మీద ఇంకో వేట జరిగినట్టే.

ఈ జ్ఞానం నుంచి పుట్టిన మంచి పద్ధతి ఒకటుంది. ఆఫ్రికాలో వాడే 'బోమా'లో గడ్డి తడికెలు, గుడ్డ తెరలతో గరాటులాంటి దారి కడతారు. జంతువులు వెడల్పు వైపు నుంచి వచ్చి, ఇరుకు చివర ఉన్న లారీలోకి చేరతాయి. ఏ దశలోనూ మనిషి చెయ్యి తగలదు. మధ్యప్రదేశ్‌లో చుక్కల దుప్పులను, కాన్హాలోని బారాసింగా దుప్పులను సాత్పురా అడవికి ఈ పద్ధతిలోనే తరలించారు.

భయం మరచిన దుప్పి

మనిషిని చూసి భయపడకుండా ఎదురుగా నడిచివచ్చే దుప్పి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. రేబిస్ కుక్కల జబ్బే అనుకుంటాం. కానీ 1886, 87లలో లండన్ దగ్గరి రిచ్‌మండ్ పార్కులో రేబిస్ పాకి 264 దుప్పులు చనిపోయాయి. నమీబియాలో 1977లో మొదలైన రేబిస్ కూడూ జింకలను వేల సంఖ్యలో బలిగొంది. జబ్బు పడ్డ కూడూలు చొంగ కారుస్తూ, భయం లేకుండా ఇళ్ల ఆవరణల్లోకే వచ్చేవి. మన ఊళ్లలో కుక్కలు దుప్పుల్ని కరుస్తున్నాయి కాబట్టి, చొంగ కారుస్తున్న, తూలుతున్న దుప్పిని తాకకూడదు. ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతూ చచ్చి పడిన దుప్పి కనిపిస్తే ఆంత్రాక్స్‌ను, అంటే దొమ్మ రోగాన్ని, అనుమానించాలి. దాన్ని కదిలించకూడదు, కోయకూడదు. కోస్తే ఆ సూక్ష్మజీవి గాలి తగిలి, మట్టిలో ఏళ్ల తరబడి బతికే స్పోర్లుగా మారుతుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పెరట్లోకి వచ్చే దుప్పులు మామూలే. అక్కడ బక్కచిక్కి, తల వాల్చి, చొంగ కారుస్తూ, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడే దుప్పి కనిపిస్తే స్థానిక వన్యప్రాణి శాఖకు చెప్పాలి. 1967లో కొలరాడోలోని ఒక పరిశోధన కేంద్రంలో మొదట గుర్తించిన క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ లక్షణాలవి. అది మెదడును గుల్లచేసే జబ్బని ఎలిజబెత్ విలియమ్స్ 1970ల చివర్లో కనిపెట్టారు. దీనికి కారణం బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు. ప్రియాన్ అనే, మడత తప్పిన ప్రొటీన్. ప్రియాన్ల మీద పరిశోధనకు స్టాన్లీ ప్రూసినర్‌కు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ జబ్బు ఇప్పుడు 30కి పైగా అమెరికా రాష్ట్రాల్లో ఉంది. 2016లో నార్వే రెయిన్‌డీర్లలోనూ బయటపడింది. దీనికి మందు లేదు. ఇది మనుషులకు సోకిన దాఖలా ఇప్పటిదాకా లేదు, అయినా సోకిన దుప్పి మాంసం తినవద్దనే వైద్య సంస్థలు చెబుతాయి.

మన వంతు

దుప్పి కదలకుండా కనిపిస్తే మొదట మనమే ఆగాలి. దూరం నుంచే చూడాలి: ఒంటరిగా ఉందా, మందలో ఉందా, నెమరు వేస్తోందా, గాయం ఉందా, వైరు ఉందా, ఊపిరి ఎలా ఉంది? సాయం కావాలనిపిస్తే అటవీ శాఖకు ఫోన్ చేయాలి. నంబరు తెలియకపోతే 112కి చెప్పవచ్చు. చోటు, సమయం, చూసిన లక్షణాలు, కుక్కలు తరిమాయా లేదా అన్నది స్పష్టంగా చెప్పాలి. వాళ్లు వచ్చేలోపు చేయాల్సింది కుక్కల్ని తోలడం, జనాన్ని దూరంగా పంపడం, మాటలు తగ్గించడం. నీళ్లు నోట్లో పోయకూడదు, తాళ్లతో కట్టకూడదు, పక్కన కూర్చుని ఫోటో దిగకూడదు. పశువైద్యుడు వచ్చాక ఆ దుప్పికి గుడ్డతో కళ్లు కప్పుతారు, రొమ్ము మీద కూర్చోబెట్టి తల ఎత్తు మీద ఉండేలా చూస్తారు, ఒళ్లు చల్లబరుస్తారు. ఆ పనులకు శిక్షణ, మందులు కావాలి.

అయితే దుప్పి ఆ స్థితికి వచ్చాక చేయగలిగేది కొంచెమే. పరుగులో చితికిన కండను ఏ మందూ పూర్తిగా తిరిగి తేలేదు, పొట్టలో ముద్దకట్టిన ప్లాస్టిక్ దానంతట అది పోదు. దుప్పిని కాపాడే పని అది కదలకుండా పడిపోకముందే మొదలవ్వాలి. వేసవికి ముందే అడవిలో జంతువులు తాగే నీటి తొట్లను, అంటే సాసర్ పిట్లను, నింపితే అది నీళ్ల కోసం ఊరి దాకా రాదు. పొలం బావికి పిట్టగోడ ఉంటే అందులో పడదు. కాలనీ చెత్త మూత ఉన్న తొట్టిలో పడితే కవర్లు దాని నోటికి అందవు. వీధికుక్కలకు సంతాన నియంత్రణ, టీకాలు క్రమంగా జరిగితే తరిమే గుంపులూ తగ్గుతాయి, రేబిస్ భయమూ తగ్గుతుంది. ఇవన్నీ పంచాయతీ తీర్మానంతోనో అపార్టుమెంటు సంఘం సమావేశంలోనో తేలిపోయే పనులు. దుప్పి మీద మనకున్న జాలికి అసలైన చోటు అక్కడే ఉంది.